చేతులు మారిన జెన్నిఫర్

ఆ ఉదయం ప్రిస్కిల్లా వేసుకున్న ప్లానులో తప్పేమీ లేదు. ఏడాదిన్నర కూతురు జెన్నిఫర్‌ను రోజూలాగే తమ బిల్డింగ్ రెండో అంతస్తులో ఉండే కుల్సుమ్ బీకి అప్పగించి, తను ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి వెళ్లింది. భర్త నతానియేల్ గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేసొచ్చి ఇంట్లోనే పడుకున్నాడు గానీ, పిల్లను ఆయనకు వదిలే ధైర్యం ఆమెకు లేదు. నిద్రమత్తులో ఎవరేం చెప్పినా తలూపే మనిషాయె.

పదింటికి ఫోన్ చేసింది. "పాప తిందా ఆంటీ?"

"తినే ఉంటాది సిస్టర్. ఇఖామా పర్మిట్‌కు వేలిముద్రలెయ్యాలని ఆఫీసుకు పిలిస్తే నేనిట్లొచ్చినా. పాపను జమీలా దగ్గర పెట్టినా."

ప్రిస్కిల్లా ఫోన్ పెట్టేసింది. అరబ్బు ఇంట్లో పనిచేసే జమీలా బీకి చేసింది.

"ఇంటి యజమానమ్మ మామా యల్లా యల్లా అని తొందరపెడితే పనికొచ్చేసినా సిస్టర్. సుల్తాన్‌బీకి ఇచ్చినాలే, ఏం భయం లేదు."

సుల్తాన్‌బీ ఆ బిల్డింగ్‌లోకి మొన్ననే దిగిన హైదరాబాదు మనిషి. ఆమెకూ చేసింది. "నాకు డాక్టర్ టైమైంది అక్కా. లిఫ్ట్ ఏడ ఆగితే ఆడ దిగి, మొదటి తలుపు కొట్టిన. పడుకున్న పిల్లను దుప్పటితో సహా ఒకాయన చేతుల పెట్టిన."

"ఎవరాయన? ఏ ఫ్లోరు?"

"యాదికి లేదు. మంచోడే, ఆవులిస్తుండె."

ప్రిస్కిల్లా యూనిఫాం కూడా మార్చుకోకుండా టాక్సీలో వచ్చిపడి, కింది నుంచి ఒక్కో తలుపూ బాదింది. తలుపు తీసినవాళ్లంతా పిల్ల లేదన్నారు, కానీ ఎవరూ మళ్లీ లోపలికి పోలేదు. వెనకే మెట్లెక్కారు. తామున్న నాలుగో అంతస్తుకు వచ్చేసరికి జనం జాతరైంది. ప్రిస్కిల్లా వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పోలీసుల దగ్గరికి ఎల్దాం. ముందు మీ ఆయన్ని లేపండమ్మా," అన్నాడు పక్కింటి దుర్గారావు. పిల్ల పోయిందని తండ్రికి ఏ నోటితో చెప్పడం? తన ఇంటి తాళం తీసింది.

తెరలు దించిన గది చీకటిగా ఉంది. మంచం మీంచి నతానియేల్ గుసగుసలాడాడు.

"ష్... మెల్లగా! ఎవరో ఆవిడ పిల్లనిచ్చేసి ఎల్లిపోయింది. నా గుండెల మీదే పడుకుంది పాపం. ముక్కూ మొహం తెలీనోళ్లకి పిల్లనప్పగించేసే తల్లులు కూడా ఉంటారా ప్రిస్కీ?"

ప్రిస్కిల్లా కిటికీ తెర లాగింది. నతానియేల్ పిల్ల మొహం చూశాడు, భార్య మొహం చూశాడు, గుమ్మంలో కిక్కిరిసిన జనాన్ని చూశాడు.

ఆ తల్లి గురించి మళ్లీ మాట్లాడలేదు.