పోస్టు డబ్బా మీది నంబరు

సోమవారం పొద్దున లాయిడ్ క్రంప్ వేసుకున్న ప్రణాళిక చిన్నదే. కచేరీ తలుపు తీయగానే గ్రెగ్ పెల్టియర్ ఇంటి మీద లియన్ రాయించాలి, వచ్చే దారిలో రెండు డోనట్లు తినాలి. గ్రెగ్ ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. పెరట్లో లాయిడ్ చేత చెక్క అరుగు కట్టించుకుని, దాని మీద వేడినీళ్ల తొట్టి పెట్టుకుని, చెక్కలు కిర్రుమంటున్నాయనే వంకతో పద్నాలుగు వేల డాలర్లు ఎగ్గొట్టాడు. లియన్ పడితే, కట్టినవాడి బాకీ తీరేదాకా ఆ ఇల్లు అమ్ముడుపోదు. దానికి గడువు ఆ రోజే ఆఖరు. ఈ సొమ్ము రాకపోతే లాయిడ్ ట్రక్కును బ్యాంకువాళ్లు పట్టుకుపోతారు.

"నంబరు ఒప్పందంలో చూశావా?" అంది భార్య వెర్నా.

"చూసేదేముంది? రెండు నెలలు ఆ ఇంట్లోనే ఉన్నాను. పోస్టు డబ్బా మీద నాలుగొందల పద్దెనిమిదని ఇంత లావున రాసుంది."

ఆ రోడ్డులో రెండిళ్లకు ఒకే గుంజ, దాని మీద రెండు డబ్బాలు. ఎవరో పుణ్యాత్ముడు వాటిని అటుది ఇటు, ఇటుది అటు బిగించాడు. పోస్ట్‌మాన్‌కు ఆ సంగతి తెలుసు, లాయిడ్‌కు తెలియదు.

బుధవారం గ్రెగ్ పక్కింటి ఓపల్ స్టెగ్‌మన్ వచ్చి లాయిడ్ తలుపు తట్టింది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, చేతిలో కాగితం.

"శుక్రవారం నా ఇల్లు అమ్ముతున్నాను నాయనా. నీకు బాకీ ఉన్నానని అమ్మకం ఆపేశారు. ఏం కట్టావు నాకు?"

లాయిడ్ కాగితం చదివాడు. నాలుగొందల పద్దెనిమిది మీద తను రాయించిన లియనే అది. వెర్నా ఒప్పందం తెచ్చి బల్ల మీద పెట్టి, నాలుగొందల ఇరవై అన్నచోట వేలుపెట్టి చూపించింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు లాయిడ్. "రేపే రద్దు చేయిస్తాను." గ్రెగ్ మీద మళ్లీ వేయడానికి గడువు సోమవారమే అయిపోయింది. ట్రక్కు పోయినట్టే. అతనికి ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు కచేరీకి బయలుదేరుతుంటే ఓపల్ ఫోన్ చేసింది. "రద్దూ వద్దు గిద్దూ వద్దు. ముందిటు రా."

వెళ్లి చూస్తే, కొనేవాళ్లు పంపిన సర్వేయరు హద్దు గుర్తుగా పాతిన గులాబీ జెండాలు తిన్నగా వచ్చి గ్రెగ్ అరుగు నడుమన ఆగాయి. మేపుల్ చెట్టుదాకా తనదేనని గ్రెగ్ చూపించిన చోటే లాయిడ్ కట్టాడు. అరుగులో ఎనిమిదడుగులు, తొట్టితో సహా, ఓపల్ నేల మీద ఉంది.

"ఇదిగో గ్రెగ్," అంది ఓపల్, అతను బయటికి రాగానే అరుగు మీద మడత కుర్చీ వేసుకుంటూ. "ఇతని డబ్బు ఇవాళే కట్టావా, ఈ ఎనిమిదడుగులూ నీకు రాసిస్తాను. లేదూ, నేనే కట్టి లియన్ తీర్చి, రేపు ఇంటితోపాటు నీ తొట్టినీ అమ్మేస్తాను. కొనేవాళ్లకు భలే నచ్చిందట."

"అది నా తొట్టండీ."

"నా నేల మీదుంది బాబూ."

సాయంత్రానికి గ్రెగ్ చెక్కు వచ్చింది. నంబరు కావాలనే అలా వేశానని లాయిడ్ ఇంట్లో అనబోయాడు గానీ, వెర్నా మొహం చూసి మానుకున్నాడు.

శనివారం గ్రెగ్ ఫోన్ చేసి, రెండు డబ్బాలకూ చెరో గుంజ పాతమన్నాడు. లాయిడ్ వెళ్లి, ముందు డబ్బు లెక్కపెట్టుకుని, తరువాత గుంత తవ్వాడు.