శెనక్కాయ తీగ దొంగ

"దొంగ ఈ ఇంట్లోనే ఉండాడు!"

చిన్నస్వామి అరిచిన అరుపుకు వంటింట్లో ప్రమీలమ్మ చేతిలోని గరిటె ఆగలేదు. పదిహేనేళ్ల కాపురంలో ఆవిడ ఇంతకంటే పెద్ద అరుపులు ఇంతకంటే చిన్న కారణాలకు విని ఉంది.

ఈసారి కారణం మాత్రం చిన్నది కాదు. హిందూపురంలో ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పట్టుచీరల అంచులు గీసి, ధర్మవరం షావుకారు రంగప్పకు పంపడం చిన్నస్వామి బతుకుతెరువు. మూడు నెలలు కష్టపడి వేరుశెనగ కాయలతో గీసిన 'శెనక్కాయ తీగ' అంచు రంగప్ప మగ్గం ఎక్కకముందే, ఆయన ఎదురు షాపు అద్దాల బీరువాలోకి ఎక్కేసింది.

పొద్దున్నే రంగప్ప ఫోన్. "శనివారం లోపల దొంగెవురో తేల్చప్పా. తేలకపోతే నీకూ నాకూ చెల్లు. అంచులు ఇంకొకరితో గీయించుకుంటా."

ఆ రోజు గురువారం.

ప్రమీలమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది. "ఇంట్లో ఉండేది మనమిద్దరం. నువ్వు దొంగవు కాదు. అంటే నేనా?"

"నేనట్ల అన్లేదు."

"మరెట్లన్నావు?"

ఎట్లన్నాడో చిన్నస్వామికే అంతు పట్టలేదు. పేపరు ముందుకు తోశాడు. "ఇది చూడు. కంప్యూటర్లో షార్ట్‌కట్లు పెట్టుకుంటే దొంగలకు సులువంట."

"నిజమేనా? అంత ప్రమాదమా అవి?"

"పేపర్లో వేసినాక అబద్ధమైతాదా?"

అని తెర మీదున్న చిన్న బొమ్మలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాడు. మధ్యాహ్నానికి తెర పంట కోసిన చేనులా బోడిగా మిగిలింది.

"ఇంక దొంగకు ఏం దొరకదు," అన్నాడు గర్వంగా.

"నీకు దొరుకుతాదా?"

"అదే... చూస్తాండా."

సాయంత్రం దాకా చూస్తూనే ఉన్నాడు. తర్వాత కంప్యూటరు పాస్‌వర్డు మార్చాడు. మార్చిన పాస్‌వర్డు మర్చిపోయాడు. చివరికి కంప్యూటరుకు దుప్పటి కప్పి, నులకతాడుతో మూడు చుట్లు కట్టి, దాని ముందే చాప వేసుకుని కూర్చున్నాడు.

"నా జాగ్రత్త ఎవురికుంటాది? ఈ ఊరి నెట్ సెంటర్లలో ఎవురన్నా తొంగి చూస్తారని, రైలెక్కి పెనుకొండకు పోయి మెయిల్ పంపుతాండా తెలుసా?"

వంటింట్లో గరిటె మొదటిసారి ఆగింది. "పెనుకొండలో యాడ?"

"బస్టాండు ఎదురుగా, నాగేంద్ర సెంటర్లో. మూడో సీటు. మూలకుంటాది. ముందర పరదా కూడా ఉండాది."

"సరే. రేపు నేను ఆడుండే మా అన్నోళ్ల ఇంటికి పోతాండా. మా అన్న కూతురు ఐశ్వర్య టెన్త్ రిజల్టు వస్తాది."

"మొగుడు మునిగిపోతాంటే పుట్టింటికా!"

"రిజల్టు చూసేది గూడా నెట్ సెంటర్లోనే కదయ్యా," అని ఆవిడ చీరలు మడుచుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకు ఫోన్ మోగింది. రంగప్ప. గొంతులో తేనె.

"శభాష్ చిన్నస్వామీ! దొంగను పట్టినావంటనే! నీ మెయిల్ చూసినా. పెనుకొండకు బయల్దేరినా."

"నేను మెయిల్ పంపలేదు రంగప్పన్నా!"

"నీ పేరుతోనే వచ్చింది. 'నాగేంద్ర సెంటరు, మూడో సీటు, ఒంటిగంటకు రా' అని."

దొంగ అంచుతో తృప్తిపడలేదు. ఇప్పుడు తన పేరు పెట్టుకుని తిరుగుతున్నాడు! చిన్నస్వామి సంచిలో పచ్చడిబండ వేసుకుని స్టేషనుకు పరిగెత్తాడు.

ఒంటిగంటకు నాగేంద్ర సెంటరు మెట్ల మీద రంగప్ప కలిశాడు. లోపల నాగేంద్ర మూలకు చెయ్యి చూపించాడు. "మూడో సీట్లోనే ఉండారు సార్."

చిన్నస్వామి పచ్చడిబండ పైకెత్తి పరదా లాగాడు.

ప్రమీలమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుని తింటూంది.

"నువ్వా!"

"బండ దించయ్యా, కాలి మీద పడతాది. ఐశ్వర్య ఫస్ట్ క్లాసులో పాసైంది. దాని నంబరు చూసినాక, నీ మెయిల్ పేజీ తెరిపించి ఉత్త ఒక్కక్షరం కొట్టినా. నీ పేరూ, పాస్‌వర్డూ రెండూ పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాయి."

రంగప్పకు అర్థం కాలేదు. "అదెట్లమ్మా?"

నాగేంద్ర తల గోక్కున్నాడు. "పాస్‌వర్డు గుర్తుపెట్టుకోమంటావా అని మిషను అడుగుతాది సార్. ఈ సారు ఔనని నొక్కినాడు. వద్దు స్వామీ అంటే, మాటిమాటికీ ఎవురు కొడతారు, రైలుకు టైమైతాంది అని పరిగెత్తె. పోయిన నెల ధర్మవరం చీరల షాపాయన ఒకరు ఇదే సీట్లో కూర్చుని, ఫ్లాపీలో ఏందో ఎక్కించుకుని నవ్వుకుంటా పోయినాడు."

"వీధి తలుపుకు మూడు తాళాలేసి, దొడ్డి తలుపు బార్లా తీసి, దీపం గూడా పెట్టినావు కదయ్యా!" అంది ప్రమీలమ్మ.

చిన్నస్వామి చివరి గడ్డిపోచ పట్టుకున్నాడు. "వాడు ఎత్తుకుపోయింది నా అంచేనని ఏం గ్యారంటీ?"

ఆవిడ రంగప్ప వైపు తిరిగింది. "అన్నా, ఆ షాపు చీరలో శెనక్కాయలు యాడుండాయి?"

"తీగకు వేలాడతాండాయమ్మా, చిక్కుడుకాయల మాదిరి."

"అయితే ఈయప్పదే. శెనక్కాయలు భూమిలో కాస్తాయని తెలియకుండా గీసేవాడు ఈ జిల్లా మొత్తానికి ఒక్కడే ఉండాడు."

రంగప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే ప్రమీలమ్మ తన సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి తెరిచింది. పైన ఆకులు, పసుప్పచ్చని పూలు, నడుమ మట్టి గీత, దాని కింద వేళ్లకు గుత్తులు గుత్తులుగా కాయలు.

"రాత్రి కూర్చుని గీసినా. ఆ షాపు చీర చూసి రైతుల పెండ్లాలు నవ్వుతారు. దీన్ని కొంటారు."

రంగప్ప నవ్వు ఆగిపోయింది. పుస్తకం రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇది ఎవురికీ చూపించలేదు కదమ్మా?"

"నోటుబుక్కుకు పాస్‌వర్డు లేదన్నా. నా సంచిలో ఉండె, అంతే."

"ఇంక అంచులన్నీ మీ ఇంటివే!"

"ఒక్క మాట. దొంగ ఇంట్లోనే ఉండాడని నిన్న ఈయప్ప వీధంతా వినపడేట్టు అరిచినాడు. పేరు మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెప్పాల. చెప్తేనే అంచు."

చిన్నస్వామి రంగప్ప వైపు చూశాడు. ఆయన నోటుబుక్కు వదలడం లేదు. నాగేంద్ర వైపు చూశాడు. సెంటర్లో రిజల్టు కోసం వచ్చిన పిల్లలంతా తలలు తిప్పారు. పచ్చడిబండ మెల్లగా సంచిలోకి జారింది.

"చి..."

"గట్టిగా. వీధంతా."

"చిన్నస్వామి!"