పిల్లల బాటకు తాళం

పిల్లలు నిర్భయంగా నడవగలిగిందే నగరమని ఆ మున్సిపాలిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. (వేములవాడకు పోయే దారిలోని ఊరే. పేరు చెబితే పక్క ఊళ్లు నొచ్చుకుంటాయి.) తీర్మానించి ఊరుకోలేదు. బడి ముందు రోడ్డు పక్కన బండలు పరిచి, రంగులేసి, తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, చుట్టూ కటకటాలు బిగించి 'పిల్లల బాట' అని పేరు పెట్టింది. రిబ్బన్ కత్తిరించే గౌరవం రెండో తరగతి నవనీతకు దక్కింది.

మరమగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టే ఆమె తల్లి రోజారాణి, ఆ పూట పని మానుకుని వచ్చింది. రోజూ లారీల పక్కన బిడ్డను నడిపించే గుండెదడ ఇక తీరిందనుకుంది.

ఫొటోలు కాగానే బాటకు తాళం పడింది. జనం నడిస్తే రంగు పోతుందని పాదచారి సౌఖ్యాధికారి కైలాసం వివరించాడు. (ఇది కొత్తగా సృష్టించిన ఉద్యోగం. తిరగడానికి జీపు ఇచ్చారు.) కటకటాలు తిన్నంత మేర రోడ్డు ఇరుకైంది.

వారం తిరగకముందే ఆ ఇరుకులో ఓ మోటారుసైకిలు నవనీతను గుద్దేసి పోయింది. పిల్ల చెయ్యి విరిగింది.

కట్టు వేయించి, బిడ్డను చంకనేసుకుని రోజారాణి ఆఫీసుకు పోయింది. కైలాసం నిజంగానే బాధపడ్డాడు, కుర్చీ వేయించాడు. అయితే ప్రమాదం రోడ్డు మీద జరిగింది గనుక తన పరిధిలోకి రాదనీ, బాట మీదైతే తక్షణం స్పందించేవాడిననీ చెప్పాడు.

"బాట మీద ఎట్ల జరుగుతది సారూ, తాళమేస్తిరి గద?"

"అందుకే ఏసినమమ్మా. పిల్లలు పదిలంగ ఉండాలె గద."

రోజారాణి మర్నాడు బడిగంటకు ముందే వచ్చి సుత్తెతో తాళం పగలగొట్టింది. ఎవరూ పిలవకుండానే పిల్లలు లోపలికి ఉరికారు. నవనీత కట్టు చేతిని పొట్టకు అదుముకుని, గళ్ల మీద ఒంటికాలితో గెంతుతూ బడికి పోయింది. సుత్తె పట్టుకుని చూస్తున్న తల్లికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

జీపు వచ్చింది. ఎవరి అనుమతితో తెరిచావని కైలాసం అడిగాడు.

"రిబ్బన్ కోసింది నా బిడ్డనే సారూ. గామె నడవకుంటె ఇంకెవరు నడుస్తరు?"

ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద ఆమె మీద కేసు పెట్టారు. కటకటాలను మరో మూరెడు పెంచి, లోపల గళ్ల మీద కుర్చీ వేసి కాపలాదారును కూర్చోబెట్టారు. పిల్లలు మళ్లీ రోడ్డెక్కారు.

ఆపైన జరిగిన సభలో కైలాసానికి శాలువా కప్పారు. తాళమున్నంత కాలం ఆ బాట మీద ఒక్క పిల్లకైనా చిన్న గీత పడలేదని కమిషనర్ సగర్వంగా ప్రకటించాడు.

అందులో అబద్ధమేమీ లేదు.