ఐదో అధ్యాయం: విభజన

“పోలిష్ సాహిత్యానికి దాదాపు వెయ్యేళ్ల చరిత్ర ఉంది. ఆ వెయ్యేళ్లూ అది ఎదురుచూసిన తెలుగువాడు ఇన్నాళ్లకు మ్యూనిక్‌లో దొరికాడు!”

ఆహ్వానపత్రికలో మొదటి వాక్యం ఇది. రాసినవారు తెలుగు సాహితీ సమితి అధ్యక్షులు రవీంద్రనాథ్ గారు. దొరికినవాడు గంగాధరరావు. ఒక కార్ల కంపెనీలో టెస్టింగ్ ఇంజినీరు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇతరుల తప్పులు పట్టడమే ఆయన ఉద్యోగం. అందులో ఇరవై ఏళ్లుగా తలమునకలై ఉన్నాడు కాబట్టి, తన తప్పులు పట్టుకునే తీరిక పాపం ఎప్పుడూ దొరకలేదు.

ఆయన గ్రంథం పేరు ‘యుగయుగాల పోలిష్ సాహిత్య చరిత్ర’. ఆరువందల పన్నెండు పేజీలు. మఠాల్లో లాటిన్‌లో రాసుకున్న కాలం నుంచి సెన్సారు కత్తెర ఆడిన కాలం దాకా పదకొండు అధ్యాయాలు. గంగాధరరావుకు పోలిష్ వచ్చా అని మీరు అడగవచ్చు. ఎందుకు రాదు? ‘జెన్ దోబ్రి’ అంటే నమస్కారమని వచ్చు. వీధి చివర బేకరీలో పనిచేసే పోలిష్ ఆవిడ నేర్పింది. మిగతా భాష సంగతి ఫోన్‌లోని అనువాద యాప్ చూసుకుంది. ఓ పాత జర్మన్ పుస్తకాన్ని పేజీ పేజీ ఫోటో తీయడం, యాప్ ఇచ్చిన తెలుగును అతికించడం, మధ్యమధ్య ‘నిస్సందేహంగా’, ‘అనిర్వచనీయంగా’ అని చల్లడం. ఇలా మూడేళ్లు తపస్సు చేశాడు. భార్య అలివేలుమంగ మాత్రం దాన్ని తపస్సు అనేది కాదు, ఫోటోలు తీసుకోవడం అనేది.

ఆయన ఆశ చిన్నదే. మీరేం చేస్తుంటారండీ అని ఎవరైనా అడిగితే టెస్టింగ్ అని చెప్పకుండా రచయితనని చెప్పుకోవాలి. ఆదివారం సభలో శాలువా కప్పి ‘పోలిష్ సాహిత్య భగీరథ’ బిరుదు ఇస్తామన్నారు. అది ఒక్కటి చేతికొస్తే, ఇక తనను టెస్ట్ చేసేవాడు ఉండడని ఆయన ధీమా.

మూడు వారాల ముందే పన్నెండు మంది పెద్దలకు పుస్తకం పంపాడు. ప్రెస్సువాళ్లు వేసిన ప్లాస్టిక్ కవరు విప్పకుండా, దానిమీదే ‘ఫలానావారికి సవినయంగా’ అని చీటీ అంటించాడు. సభకని ఉంచుకున్నవి పోగా ఒక ప్రతి మిగిలితే పై అంతస్తులో ఉండే సుభద్ర గారికి ఇచ్చాడు. ఆవిడ కరీంనగర్ మనిషి. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పని. బ్లూ కార్డు వీసా మీద జర్మనీకి వచ్చి ఏడాది అయింది. నలభై దాటినా సాహిత్యం గురించి ఒక్క అభిప్రాయమూ లేని అరుదైన వ్యక్తి.

వారం తిరిగేసరికి పన్నెండు మంది పెద్దలూ వాట్సాప్‌లో కరిగిపోయారు. రవీంద్రనాథ్ గారు రెండుసార్లు చదివారట. కార్యదర్శి విజయలక్ష్మి గారు చివరి అధ్యాయంలో కన్నీళ్లు ఆపుకోలేకపోయారట. సుభద్ర గారి దగ్గర్నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆవిడకు అర్థమై ఉండదులే అని గంగాధరరావు పెద్దమనసుతో క్షమించాడు.

సభ రోజు వచ్చింది. విజయలక్ష్మి గారు స్వాగతం పలుకుతుంటే, ఏమీ తోచక, వేదిక మీద కూర్చున్న గంగాధరరావు తన పుస్తకాన్ని తొలిసారి తెరిచాడు. ఐదో అధ్యాయం దగ్గర ఆగి, తప్పు చదివానేమోనని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

ఆ అధ్యాయంలో ఉండవలసింది వేరు. పద్దెనిమిదో శతాబ్దం చివర మూడు పొరుగు రాజ్యాలు పోలండ్‌ను మూడు విడతల్లో పంచుకున్న కథ. ఆ తర్వాత కవులు పరాయి దేశాల్లో కూర్చుని, లేని దేశాన్ని భాషలో నిలబెట్టుకున్న కథ. దాని ఫైలుకు ‘విభజన’ అని పేరు పెట్టాడు. ఆయన కంప్యూటర్‌లో ఇంకో ‘విభజన’ కూడా ఉంది. జర్మనీకి వచ్చిన మొదటి ఏడు, చెత్త సరిగా వేరుచేయలేదని బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్ మెట్ల మీద అందరి ముందూ కడిగిపారేశాడు. కొత్తగా వచ్చే మనవాళ్లెవరికీ ఆ అవమానం జరగకూడదని, ఆ మంటలోనే కూర్చుని నలభై పేజీలు రాశాడు. చెత్త విభజన. విజయవాడ ప్రెస్సుకు వెళ్లింది ఆ ఫైలు!

గంగాధరరావు పుస్తకం మూసేసి, ఎవరూ ఐదో అధ్యాయం జోలికి పోకుండా చూడమని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాడు. ఏడుకొండలవాడు ఆ రోజు మరే పనిలో ఉన్నాడో.

“ఈ గ్రంథం ఎక్కడ తెరిచినా ముత్యమేనండీ,” అంటూ మైకు అందుకున్నారు రవీంద్రనాథ్ గారు. “ఇదిగో, మీ కళ్లముందే తెరుస్తున్నాను.”

అప్పుడే ఆవిష్కరించిన ప్రతిని తెరిచి గంభీరంగా చదివారు. “ఐదో అధ్యాయం. విభజన.”

హాల్లో సగం మంది నిట్టూర్చారు, సగం మంది చప్పట్లు కొట్టారు. మన రాష్ట్రం రెండయిన ఏడాదే ఈ సమితి కూడా రెండయింది. మ్యూనిక్‌లో హాలు అద్దెలు చూసి బెదిరి మళ్లీ ఒకటయింది గానీ, ఆ మాట చెవిన పడితే ఇప్పటికీ ఇదే వరస.

రవీంద్రనాథ్ గారు కొనసాగించారు. “‘సీసాలను మూడుగా విభజించవలెను. తెల్లవి ఒక డబ్బాలో, గోధుమరంగువి ఒక డబ్బాలో, పచ్చవి ఒక డబ్బాలో. ఈ మూడింటికీ చెందని నీలం సీసాను పచ్చ డబ్బాలోనే వేయవలెను.’”

ఆగారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని పేజీ చూశారు. అక్షరాలు మారలేదు. బిరుదు పోయింది, పరువూ పోయింది అనుకున్నాడు గంగాధరరావు. కానీ పుస్తకం రెండుసార్లు చదివానన్న మనిషి ఇప్పుడు ఇదేమిటని ఏ నోటితో అడుగుతాడు?

“చూశారా!” అన్నారు రవీంద్రనాథ్ గారు, గొంతు గద్గదమై. “మూడు డబ్బాలు. మూడు సామ్రాజ్యాలు. దేశాన్ని ముక్కలు చేశారని ఇంతకంటే ఎలా చెబుతారండీ? మరి ఆ నీలం సీసా ఎవరు? దేశం లేని కవి! పరాయి డబ్బాలో తలదాచుకున్న ప్రవాసి! అంటే మనమేనండీ!”

హాలు లేచి నిలబడింది. విజయలక్ష్మి గారు కళ్లు ఒత్తుకుంటూ, తాను ఏడ్చింది సరిగ్గా ఇక్కడేనని చెప్పారు. రవీంద్రనాథ్ గారు తర్వాత చదివిన ‘ఆదివారం నాడు సీసాలు వేసి చప్పుడు చేయరాదు’ అన్న వాక్యం సెన్సారు మీద చెంపదెబ్బ అని ఇంకొకాయన తేల్చారు. గంగాధరరావుకు ప్రాణం లేచొచ్చింది. రెండు నిమిషాలయ్యేసరికి, తాను ఆ ఉద్దేశంతోనే రాశానేమోనన్న అనుమానం కూడా మొదలైంది.

అప్పుడు వెనక వరసలో సుభద్ర గారు లేచారు.

“సార్, ఈ అధ్యాయం నేను నాలుగుసార్లు చదివిన. మస్తు పనికొచ్చింది. ఇదివరకు హౌస్‌మైస్టర్ రోజూ లొల్లి చేసెటోడు, ఇప్పుడు పొద్దుగాల నవ్వుకుంట గుటెన్ మోర్గెన్ అంటుండు. ఒక్కటే డౌటు. పిజ్జా డబ్బాకు నూనె అంటితే పేపర్‌ల వెయ్యాల్నా, మామూలు చెత్తల వెయ్యాల్నా? అది రాయలే మీరు.”

హాలంతా గొల్లున నవ్వింది. ప్రతీకలు అందరికీ అందవమ్మా అని రవీంద్రనాథ్ గారు జాలిపడ్డారు. సుభద్ర గారి మొహం చిన్నబోయింది. ఆవిడ రచయిత వైపు చూశారు. ఆయన ఒక్క మాట చెబితే చాలు. కానీ శాలువా అప్పటికే ఒక భుజం మీద పడి ఉంది.

“అది ఒక స్థాయి పఠనం,” అన్నాడు గంగాధరరావు.

చప్పట్లు మోగాయి. శాలువా రెండో భుజం మీదికీ వచ్చింది. సుభద్ర గారు కూర్చున్నారు.

సభ ముగిసింది. పులిహోర అయిపోగానే పెద్దలందరూ యు-బాన్ రైలు పట్టుకోవడానికి పరుగెత్తారు. భగీరథుడు మాత్రం మిగిలాడు. అలివేలుమంగ ఆయన చేతికి ఒక సంచి ఇచ్చి, “భగీరథ గారూ, ఈ ఎంగిలి పళ్లేలు పారేసి రండి,” అంది.

హాలు వెనక చెత్త డబ్బాల దగ్గర సుభద్ర గారు కనిపించారు. కాగితాలు వేసే నీలం డబ్బాలోకి వంగి, ఒక్కొక్క పుస్తకమే బయటికి తీస్తున్నారు. మొత్తం పన్నెండు. వేదిక మీద పెట్టుకోవడానికి పెద్దలు తెచ్చుకున్నవి, ఇంటిదాకా మోయలేక వదిలించుకున్నవి. ఒక్కదాని కవరూ విప్పలేదు. అన్నిటికంటే పైన ఉన్న చీటీ మీద గంగాధరరావు దస్తూరీతో ‘రవీంద్రనాథ్ గారికి సవినయంగా’ అని ఉంది.

“కవరు తియ్యకుండనే పేపర్‌ల వేసిండ్రు సార్,” అన్నారు సుభద్ర గారు, అదొక్కటే బాధగా. “ప్లాస్టిక్ వేరే వెయ్యాలని మీరే రాసిండ్రు గదా.”

గంగాధరరావుకు తల కొట్టేసినట్టయింది. శాలువా తీసి పక్కన పెట్టి, తనూ ఒక పుస్తకం అందుకుని గోటితో కవరు చింపసాగాడు.

“నూనె అంటిన పిజ్జా డబ్బా మామూలు చెత్తలో వేయాలండీ,” అన్నాడు మెల్లగా.

“అట్లనా. థాంక్స్ సార్.”

“మిగతా అధ్యాయాలు కూడా చదివారా?”

“మొత్తం చదివిన సార్,” అన్నారు ఆవిడ, ఇంకో కవరు తీస్తూ. “ఐదోది ఒక్కటే మీరు రాసినట్టున్నది.”