తొమ్మిది పెనాల శ్రీమంతం

ఆదివారం పొద్దున ఆరు గంటలకే ఈశ్వరి పథకం సిద్ధంగా ఉంది. పదింటికి మాకరోనీ ఉడకబెట్టాలి, పన్నెండింటికి చీజు కలపాలి, రెండింటికి బేకరీ భట్టీకి పంపాలి, ఆరింటికల్లా రెండు వందల ముక్కలతో జయంతి మేడం గడప తొక్కాలి. ఆ వీధిలో పెళ్ళిళ్ళు కూడా ఇంత పకడ్బందీగా జరగలేదు.

జయంతి మేడం కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు బడికి యజమానురాలు. బెంగళూరు నుంచి ఆమె అన్నావదినలు వస్తున్నారని సాయంత్రం ఇంట్లో విందు పెట్టుకుంది. నాలుగు రోజుల కిందట ఈశ్వరిని పిలిచి ఫోనులో ఒక వీడియో చూపించింది.

"చూడు, ఇట్లా ఉండల్ల. ఒక నోటికి ఒకటి. పైన ఎర్రగా కాలుండల్ల, కొరికితే చీజు సాగల్ల. ఇవి బాగొస్తే బడి క్యాంటీను నీకే. అంతేగానీ ఉగ్గాని, పొంగణాలు అని నాటు సరుకు తెచ్చినావంటే మా వదిన ముందర నా మానం పోతాది. ఎవురికీ చెప్పొద్దు కూడా. చెప్తే రేపటికి ఊరంతా ఇదే చేస్తారు."

ఈశ్వరి రెండేళ్ళుగా రోడ్డు పక్కన బజ్జీల బండి నడుపుతోంది. పైన ఎండ, కింద నూనె పొగ, మధ్యలో తను. క్యాంటీను అంటే తల మీద కప్పు, పక్కన కుళాయి, అన్నింటికన్నా మించి ఒక ఫ్యాను. ఆ ఫ్యాను కింద నిలబడి బజ్జీలు వేస్తున్నట్టు ఆమెకు కలలు కూడా వచ్చాయి.

వీడియోలో చిన్న చిన్న గుంతలున్న ట్రే ఒకటి ఉంది. కళ్యాణదుర్గంలో ఏ అంగడిలోనూ అలాంటిది దొరకలేదు. రెండు రోజులు తిరిగి, కాళ్ళు నొప్పి పుట్టి ఇంటికొచ్చి చూస్తే, వంటింట్లో మేకుకు తగిలించిన పొంగణాల పెనం కనబడింది. ఇనప పెనం, పన్నెండు గుంతలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఒక పెనంలో ముందుగా పన్నెండు చేసి చూసుకుంది, బాగానే వచ్చాయి. తొమ్మిది పెనాలుంటే రెండు వాయిలతో పని పూర్తవుతుంది. శనివారం సాయంత్రం ఎనిమిది ఇళ్ళు తిరిగి ఎనిమిది పెనాలు అడిగి తెచ్చింది. మొదటిది పక్కింటి అమీర్ బీ ఇచ్చింది. ఆమె భర్త హుస్సేన్ బాషాదే ఆ భట్టీ ఉన్న బేకరీ.

"ఏమ్మే, ఇన్ని పెనాలు ఏమిటికి?" అని అమీర్ బీ అడిగింది.

"ఏం లేదక్కా. చిన్న పని ఉండాది," అని ఈశ్వరి నవ్వింది.

రహస్యం దాచేవాళ్ళు అలా నవ్వకూడదు. ఈశ్వరికి అది తెలియదు. తెలియనిది ఇంకొకటీ ఉంది. ఆమె పుట్టిల్లు కుందుర్పి. అక్కడ పెనం అడిగితే పెనం ఇస్తారు, అంతటితో సరి. ఈ వీధి పద్ధతి వేరు. ఒక ఇంటికి నాలుగు పెనాలకు మించి పోయాయంటే అక్కడ శుభకార్యం ఉన్నట్టు. పెనం ఇచ్చిన ఇల్లు పిలిచిన ఇంటి కిందే లెక్క, వేరే పిలుపు అక్కర్లేదు. పెనంతో పాటు పిండి కూడా రుబ్బి తీసుకుపోవాలి. పోయిన పెనం ఖాళీగా తిరిగి రాకూడదు.

సరే, శుభకార్యమే. ఏ శుభకార్యం? అమీర్ బీ ఆలోచించింది. మొన్న ఈశ్వరి కుళాయి దగ్గర వాంతి చేసుకుంది. నిజానికి ఆ రోజు పరీక్ష కోసం చేసిన పన్నెండు ముక్కలూ తనే తినేసింది, చీజు పడలేదు, అంతే. మొగుడు తిప్పేషు బస్సెక్కి అనంతపురం పోయి, చీజు అని ఈ వీధిలో ఎవరూ వినని తిండి ఏదో తడి గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. అంటే వాంతులు, ఆపైన కోరికలు. పెళ్ళయి రెండేళ్ళు. ఇంక శ్రీమంతం కాక ఏమవుతుంది?

"మరి కడుపు కనపడలేదే?" అని ఎదురింటి రామలక్ష్మమ్మ సందేహపడింది.

"సన్న మనిషికి యాడ కనపడతాది? మా ఆడబిడ్డకి ఎనిమిదో నెల దాకా తెలీలే," అని అమీర్ బీ తేల్చేసింది.

అయినా రుజువు కావాలి కదా. దీపాలు పెట్టేవేళ ఈశ్వరి అత్త ఆంజినమ్మను అడ్డగించింది.

"ఆంజినక్కా, రేపేనంట కదా కోడలి శ్రీమంతం. ఎన్నో నెల?"

ఆంజినమ్మకు కోడలు కడుపుతో ఉందని పక్కింటావిడ నోట వినాల్సి వచ్చింది. తనకు తెలియదంటే రేపటినుంచి ఈ వీధిలో తలెత్తుకుని తిరగగలదా?

"ఏడో నెల," అంది తొణక్కుండా. "దిష్టి తగులుతాదని చెప్పలే."

ఈ సంగతి ఈశ్వరికి చివరిదాకా తెలియదు. ఆదివారం పొద్దున్నుంచి అత్త మూతి ముడుచుకుని, అయినా బరువైన గిన్నెలన్నీ తన చేతిలోంచి లాక్కుంటూ ఉంటే, పాపం ఎండదెబ్బ అనుకుంది.

మధ్యాహ్నం రెండింటికి తిప్పేషు తన ఆటోలో తొమ్మిది పెనాలూ, రెండో వాయికి సరిపడా మాకరోనీ గిన్నే వేసుకుని బేకరీకి పోయాడు. మొదటి వాయి భట్టీలోంచి ఎర్రగా బయటికొచ్చేసరికి హుస్సేన్ బాషా అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమప్పా తిప్పేషూ, ఇంత పెద్ద మాట దాచిపెట్టినావే?"

"ఏం మాటన్నా?"

"నాయనవు అయితాండావు కదప్పా. ఏడో నెలంట. మా ఇంట్లో చెప్పినాది. ఏం, నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు!" అన్నాడు తిప్పేషు, మైదా బస్తా మీద కూలబడుతూ. రెండో నెలో మూడో నెలో అని ఉంటే కాసేపు ఆలోచించేవాడేమో. ఏడో నెల అనేసరికి ఆలోచించడానికి టైము లేనట్టు తోచింది. తనకెందుకు చెప్పలేదని ఒక్క క్షణం అనుమానం వచ్చింది గానీ, పెళ్ళాలు అన్నీ మొగుళ్ళకు చెప్తారా అని సర్దుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, మేడం విందు సంగతే మరిచిపోయి, ఆ వాయిలో వచ్చిన నూట ఎనిమిది ముక్కలూ బేకరీకి వచ్చినవాళ్ళకు, ఎదురుగా ఉన్న ఆటో స్టాండుకు పంచిపెట్టేశాడు. బన్ను కోసం వచ్చిన ఒక ముసలాయన రెండుసార్లు వరుసలో నిలబడ్డాడు.

సరిగ్గా ఆ సమయానికి ఇంట్లో ఈశ్వరిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళూ పిల్లాజెల్లాతో దిగారు. ఒక్కొక్కరి చేతిలో పూలు, గాజులు, మూతపెట్టిన పిండి గిన్నె. ఏం జరుగుతోందో అడిగేలోగా ఈశ్వరి చెంపలకు పసుపు, చేతులకు మోచేతి దాకా ఆకుపచ్చ గాజులు వచ్చేశాయి.

"అక్కా, నాకేం లేదక్కా!"

"అందురూ అట్లే అంటారు," అంది రామలక్ష్మమ్మ, గాజు ఎక్కిస్తూ.

"నిజంగా నాకు కడుపు లేదు!"

"హుష్! అపశకునం మాటలు మాట్లాడొద్దు," అని అమీర్ బీ ఆమె నోట్లో చక్కెర పోసింది.

అప్పుడు ఆంజినమ్మ పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా అంది. "నాకొక్క మాట చెప్పకపోతివి కదమ్మే. నేనేం నీకు పగదాన్నా?" ముసలామె కళ్ళనిండా నీళ్ళు. ఇంతమంది ముందర నిజం చెప్తే ఈమె పరువేం కావాలి? ఎలా చెప్పాలా అని ఈశ్వరి రెండు నిమిషాలు తటపటాయించింది. ఆ రెండు నిమిషాలే కొంప ముంచాయి. తిప్పేషు పెనాలు గడప దగ్గర దించి, రెండో వాయి పళ్ళెంతో లోపలికొచ్చాడు, శ్రీమంతం తిండి వచ్చిందని ఆడవాళ్ళు పళ్ళెం అందుకున్నారు.

"ఏందిది, సాగతానే ఉండాది?"

"ఉప్పు లేదు, కారం లేదు. సున్నం తిన్నట్టుండాది."

"ఊరుకోండమ్మే. కడుపుతో ఉండే మనిషి కోరింది, మిగల్చకూడదు," అంది అమీర్ బీ. వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. ఒక్కటీ మిగల్చలేదు.

ఈశ్వరి కుర్చీలోంచి లేచింది. "మొదటి వాయి యాడ?"

"పంచేసినా," అన్నాడు తిప్పేషు, ఆమెను ప్రేమగా చూస్తూ.

"ఎవురికి?"

"అందురికీ. ఏడో నెలంట కదే!"

"ఎవురికి ఏడో నెల?"

"నీకే!"

"నాకు ఏ నెలా లేదు!" అని ఈశ్వరి అరిచిన అరుపుకు పిల్లలు కూడా నమలడం ఆపేశారు. తర్వాత మేడం విందు, క్యాంటీను, పెనాలు, మొన్నటి వాంతి అన్నీ ఏకరువు పెట్టింది. మిగతా ఏడుగురూ అమీర్ బీ వైపు చూశారు. అమీర్ బీ ఖాళీ పళ్ళెం వైపు చూసింది. ఆంజినమ్మ గోడ వైపు తిరిగింది. అప్పుడు ఫోను మోగింది.

"ఈశ్వరీ, మా అన్నవాళ్ళు దిగినారు. యాడి దాకా వచ్చినావు?"

"దారిలో ఉండా మేడం," అని ఈశ్వరి ఫోను పెట్టేసి, ఆ కుర్చీలోనే కూర్చుని భోరున ఏడ్చింది. కలలోని ఫ్యాను తిరగడం ఆగిపోయింది.

"ఏడిస్తే ముక్కలొస్తాయా?" అంది అమీర్ బీ. తప్పు తనదని తెలిసినప్పుడు ఆమె గొంతు ఇంకా పెరుగుతుంది. "పెనాలు ఈడే ఉండాయి, పిండి ఈడే ఉండాది."

"పొంగణాలు తేవొద్దని చెప్పినాదక్కా!"

"పొంగణాలని ఎవురు చెప్తారు? మిరపకాయ వేయొద్దండమ్మే, ఉల్లిగడ్డ వేయొద్దు. దొరల తిండి ఇది!"

ఎవరి పెనం వాళ్ళు పట్టుకుని ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్ళు పరిగెత్తారు. ముప్పావు గంటలో రెండు వందల పొంగణాలు వచ్చాయి. భట్టీ దగ్గర గిన్నె అడుగున మిగిలిన మాకరోనీని తిప్పేషు తీసుకొచ్చాడు. ఈశ్వరి ఒక్కో పొంగణం నెత్తిన ఒక్కో మాకరోనీ గుచ్చి, పైన చిటికెడు చీజు తురుము చల్లింది.

విందులో బెంగళూరు వదినగారు మొదటి ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"బెంగళూర్లో గూడా ఇంత మెత్తగా రావు జయంతీ. చీజంతా లోపలికి ఇంకిపోయినాది."

ఆ మాటతో అందరికీ లోపల చీజు తగిలింది. తెలియదని చెప్పుకోవడానికి అక్కడ ఎవరికీ ధైర్యం లేదు. అన్నగారు మాత్రం పద్నాలుగోది నములుతూ, "ఇవి మనం చిన్నప్పుడు యాడో తిన్నట్టుందే," అన్నాడు.

"చిన్నప్పుడు మీరు చీజు యాడ చూసినారు?" అని వదినగారు నోరు మూయించింది.

ఈశ్వరి, తిప్పేషు వెళ్ళేముందు జయంతి మేడం ఇద్దరినీ పక్కకు పిలిచింది. ఈశ్వరి మొహాన కడిగినా పోని పసుపును, మోచేతి దాకా ఉన్న గాజులను చూసి నోరు తెరిచింది.

"శ్రీమంతం నాడు ఇంత పని చేసినావా! క్యాంటీను నీకే పో. కాన్పయ్యే దాకా మీ అత్తను కూర్చోబెట్టు. శుక్రవారం శుక్రవారం ఈ చీజు ముక్కలు మాత్రం తప్పకూడదు."

మధ్యాహ్నం లేదు లేదని అరిచిన ఈశ్వరి, ఇప్పుడు కూడా లేదని చెప్పడానికి నోరు తెరవబోయింది. తిప్పేషు ఆమె కాలు తొక్కాడు. గాజులు గలగలమన్నాయి. మేడం దాన్ని సిగ్గు అనుకుంది.

ఇంటికొచ్చి సంగతంతా చెప్తే ఆంజినమ్మ విని లేచి, ఇద్దరికీ కంచాలు పెట్టి, తన చాప చంకన పెట్టుకుని అమీర్ బీ ఇంటికి పడుకోవడానికి బయల్దేరింది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"శ్రీమంతం అయిపాయ, క్యాంటీను వచ్చె. మిగిలిన పని మీదే, తొందరగా కానీండి."