ఖాళీ గడి ఉంచరాదు

చట్టం ప్రజల వాకిట్లోకి వచ్చింది. ఈ మాట రాష్ట్ర ప్రభుత్వం వారి ‘చట్టబంధు’ వెబ్‌సైటు మొదటి పేజీలోనే ఉంది కాబట్టి నమ్మక తప్పదు. ఎవరి వాకిట్లోకి వచ్చిందో మాత్రం అక్కడ రాయలేదు. ఆ లోటు మేం తీరుస్తున్నాం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే దానమ్మ వాకిట్లోకి వచ్చింది. అప్పటికామె వసారాలో కూర్చుని, వాలుగ చేప దవడతో పత్తి దువ్వుకుంటోంది.

వచ్చిన వైనం ఇది. వెబ్‌సైటులో ‘ప్రశ్నలకు, సవరణలకు సంప్రదించండి’ అన్నచోట ఒక ఫోను నెంబరు వేయాలి. జవాబు చెప్పే మనిషిని ఇంకా నియమించలేదు. అయితే ఏ గడీ ఖాళీగా ఉంచరాదని నిబంధన ఉంది. అంచేత బాధ్యత తెలిసిన ఉద్యోగి ఒకాయన పది అంకెలు వేసి గడి నింపేశాడు. ఆ పది అంకెలూ దానమ్మవి.

మొదటి ఫోను చిత్తూరు వైపు నుంచి వచ్చింది. పక్కింటివాడి కాలవ నీళ్ళు తన గోడలోకి దిగుతున్నాయట, ఏ సెక్షను పెట్టాలని అడిగాడు.

“ఇది దానమ్మిల్లు బాబూ. నాను నూలు వడుకుతాను. సెక్సన్లు నాకేటి తెలుస్తాయి?”

“గవర్నమెంటు వెబ్‌సైటులో ఉంది మేడమ్. గవర్నమెంటు అబద్ధం చెబుతుందా?”

దీనికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి. పైగా అవతలివాడిది ఏడుపు గొంతు. సరే, పోనీలెమ్మని, “ఆడు ఇంట్లో లేనప్పుడు ఎల్లి, ఆడి పెళ్ళానికి సెప్పు బాబూ. కాలవలు తిప్పేది మగోళ్ళు కాదు” అంది. వారంలో కాలవ తిరిగింది. ఆ సంగతి అతను పదిమందికి చెప్పాడు. ఆ పదిమందీ ఊరుకున్నారా? ఆరు నెలలు తిరిగేసరికి రాష్ట్రంలో గట్టు తగువులు, గోడ తగువులు, అలిగి పుట్టింటికి పోయిన పెళ్ళాలు, అన్నీ దానమ్మ వసారాలోనే తెమిలేవి. ఒక వకీలు కూడా ఫోను చేసి సెక్షను నెంబరడిగాడు. “ఈయేళ సెక్సన్లు అయిపోనాయి బాబూ, రేపు సెయ్యి” అందామె. పాపం, ఆయన మర్నాడు చేశాడు.

ఇంత ఆర్భాటం ఆమె కోరుకోలేదు. పక్కింటి తన్మయి డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల చేత వెబ్‌సైటు తెరిపించింది. ‘తప్పులున్నచో ఈ నెంబరునకు తెలియజేయగలరు’ అని ఉంది. కింద దానమ్మ నెంబరే. దానమ్మ తన ఫోనులోంచి ఆ నెంబరుకి చేసింది. బిజీ అని చెప్పింది.

“సూసినావేటే, ఎంత పనిమంతులో!” అంది మెచ్చుకోలుగా.

ఫోను కాకపోతే ఫారం ఉంది. అందులో రెండే దారులు: ప్రశ్న, సవరణ. సవరణ అయితే ఆ తప్పు అచ్చయిన గెజిటు కాయితం జతచేయాలి. దానమ్మ నెంబరు ఏ గెజిటులోనూ రాలేదు గనక అది తప్పు కిందకి రాదు. ప్రశ్న అయితే ఇరవై ఒక్క రోజుల్లో సమాధానమిస్తారు. తన్మయి ఫారం మూసేసింది.

ఆ సిమ్ము తీసి పారేయొచ్చు కదా అని మీకనిపిస్తుంది. తెలివైనవారు మరి. ఆధారుకి, రేషనుకి, గ్యాసుకి, బ్యాంకుకి ఆ నెంబరే తగిలించి ఉంది. అవన్నీ ఒక ఎత్తు, రేఖ ఒక ఎత్తు.

రేఖ దానమ్మ కూతురు. తొలి కాన్పు పుట్టింట్లో చచ్చి బతికింది. మలి కాన్పు నెల్లిమర్లలో అత్తవారింట. వెళ్ళేముందు తల్లి చెయ్యి పట్టుకుని, “నొప్పులొస్తే ఫోను సేయిస్తానే అమ్మా. బేగి వచ్చెయ్యాల. నువ్వు పక్కన నేకపోతే నాకు బయిం” అంది. దానమ్మ బాలింతకి పెట్టే కాయం చేసి, డబ్బా సంచిలో పెట్టి, సంచి గుమ్మం పక్కన పెట్టుకుంది. ఆమెకి అక్షరం ముక్క రాదు. మోగే ఫోను రేఖదో రాయచోటిదో ఎత్తితేనే తెలుస్తుంది. కాబట్టి కూతురి ఒక్క ఫోను కోసం రాష్ట్రమంతటి ఫోన్లూ ఎత్తింది. ఎత్తాక, కష్టం చెప్పుకుంటున్న మనిషిని మధ్యలో ఎలా కోసేస్తాం?

ఈలోగా చట్టబంధుకి ఏడాది నిండింది. రాజధానిలో సభ పెట్టారు. సంచాలకులవారు శాలువా సర్దుకుని ఇలా సెలవిచ్చారు: “మిత్రులారా! ఏడాది కాలంలో మన కార్యాలయానికి ఒక్క ప్రశ్న రాలేదు. ఒక్క సవరణ రాలేదు. దీన్నిబట్టి మన వెబ్‌సైటులో తప్పుల్లేవనీ, ప్రజలకు సందేహాల్లేవనీ రుజువవుతోంది!” చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవారికి టిఫిను పెట్టారు.

ఆ సభ జరిగిన పూటే నెల్లిమర్లలో రేఖకి నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు పృథ్వీరాజ్ నలభైసార్లు ఫోను చేశాడు. నలభైసార్లూ బిజీయే. అతనికి నెట్ సెంటరుంది. ఎవరికి ఏ కష్టమొచ్చినా అర్జీ పెట్టించడం అతని వృత్తి. తన కష్టానికి మాత్రం ఇంకో మందేముంటుంది? అత్తగారి నెంబరు ఏ వెబ్‌సైటులో ఉందో, ఆ వెబ్‌సైటుకి రాస్తే అది అత్తగారికి చేరి తీరాలని లెక్క వేశాడు. ఫారం తెరిచి, ‘ప్రశ్న’ అన్నచోట టిక్కు పెట్టి, ‘మీరు వేసిన నెంబరు మా అత్తగారిది. రేఖకి నొప్పులు మొదలయ్యాయని, వెంటనే రమ్మని ఆమెకు తెలియజేయగలరు’ అని రాశాడు. రసీదు నెంబరు వచ్చింది. రసీదు వచ్చాక ఇక భయమేముంది? దాన్ని ప్రింటు తీసి మడిచి జేబులో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు.

ఆడపిల్ల పుట్టింది. ఒక రోజు గడిచింది, రెండు గడిచాయి. దానమ్మ రాలేదు.

మూడోనాడు దానమ్మ రాట్నం తిప్పుతూ ఫోనెత్తింది. ఎవరో పెద్దావిడ, ఆఫీసువారితో మాట్లాడే గొంతు పెట్టి, “కూతురి పురిటికి రాని తల్లి మీద ఏ కేసు పెట్టొచ్చండీ?” అని అడిగింది.

దానమ్మకి ఒళ్ళు మండింది. “ఓలమ్మో, అదీ ఒక తల్లేనా! కన్నకడుపేనా అది! కేసెందుకమ్మా, నలుగుర్లో నిలబెట్టి కడిగెయ్యండి. ఆ పిల్ల ఎంత ఏడిసిందో ఏటో!”

“మూడ్రోజులై గోడకేసి తిరిగి ఏడుస్తోందండీ.”

“ఏ ఊరమ్మా మీది?”

“నెల్లిమర్లండి.”

రాట్నం ఆగింది. “పిల్ల పేరు?”

“రేఖండి. మా కోడలే.”

“వదినా…” అంది దానమ్మ. వియ్యపురాలు రాజకుమారి గొంతు అప్పటికి గానీ పోల్చుకోలేకపోయింది. రాజకుమారి కూడా చట్టబంధు నెంబరనే చేసింది గానీ, అది వియ్యపురాలిదని ఎరగదు.

దానమ్మ సంచి పట్టుకుని రైలెక్కింది. దారిలో పదకొండు ఫోన్లొచ్చాయి. జీవితంలో మొదటిసారి ఒక్కటీ ఎత్తలేదు.

రేఖ తల్లి వంక చూడలేదు. “మూడు గంటలు బిజీ అన్నాది. ఎవరితోనే అంతసేపు?” అంది గోడకేసే తిరిగి.

ఆ మూడు గంటలూ కర్నూలు జిల్లాలో ఎవడికో పెళ్ళాన్ని బతిమాలుకోవడమెలాగో నేర్పుతూ కూర్చుంది దానమ్మ. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. కాయం డబ్బా మూత తీసి, కూతురి కాళ్ళ దగ్గర కూర్చుని భోరుమంది. కాసేపటికి రేఖ ఇటు తిరిగింది. “ఏడుపాపి, ఆ కాయం ఇలా పెట్టు” అంది.

ఇరవై ఒకటో రోజున బారసాల. చట్టబంధు మాట తప్పలేదు. పిల్లని ఉయ్యాల్లో వేస్తుండగా పృథ్వీరాజ్ ఫోనుకి సమాధానం వచ్చింది: ‘మీ ప్రశ్న చట్ట సంబంధమైనది కాదు. అయినను ప్రజాశ్రేయస్సు దృష్ట్యా సవరణగా స్వీకరించి, నెంబరులోని చివరి అంకె మార్చడమైనది. మీ సమస్య పరిష్కరించబడినది.’

పేరంటాళ్ళంతా సంతోషించారు. దానమ్మ ఫోను ఆ సాయంత్రానికి మూగబోయింది. ఆమె మనవరాలిని ఒళ్ళో వేసుకుని హాయిగా కూర్చుంది.

చివరి అంకె ఏడు ఉండేది, ఎనిమిది చేశారు. ఆ ఎనిమిది ఎవరిదని కార్యాలయంలో ఎవరూ విచారించలేదు. గడి ఖాళీగా లేదు, అది చాలు.

అదిగో, మీ ఫోను మోగుతున్నట్టుంది. ఎత్తండి. తీర్పు చెప్పేముందు మాత్రం ఊరూ పేరూ అడగండి.