పై గీత దాటిన నూనె

ఒంట్లో ఇంజన్ ఆయిల్ మార్పించుకునే రోజున మున్సిపల్ ఆఫీసు నీటి సరఫరా విభాగంలో సీనియర్ అసిస్టెంటు వేదవతి, అందరిలాగే ఒకపూట సెలవు పెట్టి, మరక పడినా బాధలేని పాత చీర కట్టుకుని ఆయిల్ షెడ్డుకు వెళ్లింది. ప్రభుత్వోద్యోగులకు ఏడాదికోసారి నూనె మార్చాలన్నది రూలు. ఉద్యోగం లేనివాళ్ల సంగతి రూల్లో లేదు. వాళ్లు ఉన్న నూనెతోనే నెట్టుకొస్తారు.

పద్ధతి అందరికీ తెలిసిందే. ఎడమ మడమ వెనక ఉన్న బిరడా విప్పితే పాత నూనె నల్లగా కారిపోతుంది. పక్కటెముకల కింద ఫిల్టరు మార్చి, నడినెత్తి మీద మూత తీసి కొత్త నూనె పోస్తారు. అప్పుడు మనిషి షెడ్డు చుట్టూ నడిచి రావాలి, కొత్త ఫిల్టరు తాగాల్సిన నూనె తాగేస్తుంది కాబట్టి. ఆపైన బల్ల మీద కదలకుండా కూర్చుంటే నూనె మెల్లగా అడుగుకు దిగుతుంది. చెవి వెనక నుంచి గేజి కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించి, మళ్లీ లాగి చూస్తారు. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. నూనె ఆ రెంటి మధ్యా ఉండాలి. కింది గీతకు తగ్గితే కీళ్లు కిర్రుమంటాయి, ఫైళ్లు కదలవు. పై గీత దాటితే మెడ వంగదు, మాట్లాడినప్పుడల్లా చెవుల్లోంచి సన్నగా పొగ వస్తుంది. ఆఫీసు భాషలో దాన్ని ధూమ నిస్సరణ అంటారు. జనం పొగరు అంటారు.

ఆ ఏడాది వానలకు షెడ్డులో నేల ఒకవైపు కుంగింది. బాగుచేయాలన్న ప్రతిపాదన పైకి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. ఆ వాలులోనే బల్ల వేసి మెకానిక్కు ఖాజావలి పని కానిస్తున్నాడు. వేదవతి కూర్చున్నాక కడ్డీ తీసి చూస్తే నూనె కింది గీతకు కూడా అందలేదు. ఇంకాస్త పోశాడు. మళ్లీ తీశాడు. చాలలేదు. ఇంకాస్త పోశాడు. మూడోసారి నూనె రెండు గీతల మధ్యకు వచ్చింది. "సరిపోయిందమ్మా, ఇంక బయల్దేరండి" అని మూత బిగించాడు. వాలులో చూసిన మట్టం నిజం మట్టం కాదన్న సంగతి ఆ పూట ఇద్దరికీ తట్టలేదు.

ఆఫీసు నేల మాత్రం చదునుగా ఉంది. సీట్లో కూర్చునేసరికి వేదవతికి వెన్నులో ఏదో నిటారుగా నిలబడినట్టు అనిపించింది. నొప్పి కాదు. ఇన్నాళ్లూ తన ఎత్తు ఇంత అని తనకే తెలియనట్టు, కిటికీలోంచి ఎప్పుడూ కనిపించని వీధి చివరి దాకా కనిపించింది.

మధ్యాహ్నం కమిషనర్ సుదర్శనం గారు పిలిచారు. ఆయన ఎవరినీ కసురుకునే మనిషి కాదు. చిరునవ్వుతోనే అన్ని పనులూ చేయించుకుంటారు. బల్ల మీద ఒక ఫైలు ఉంది. రైలుకట్ట కింద కాలనీకి వెళ్లే నీళ్ల గొట్టాన్ని కొత్తగా లేచిన అపార్టుమెంట్ల వైపు మళ్లించాలి, కాలనీలో నీటి అవసరం తగ్గిందని వేదవతి రాసి సంతకం పెట్టాలి. అలాంటివి ఆమె అదివరకు రాయలేదని కాదు. రాసేటప్పుడు మెడ కిందికి వంగేది, వంగిన మెడతో చూస్తే కాగితం తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఈసారి మెడ వంగలేదు.

"కాలనీలో నీటి అవసరం ఎందుకు తగ్గింది సార్?" అని అడిగింది.

"తగ్గిందని మీరు రాస్తే తగ్గుతుందమ్మా."

"నేను రాయను సార్. వాళ్లు బతికే ఉన్నారు. రోజూ తాగుతున్నారు."

సుదర్శనం గారు ఆమె మొహం వైపు కాకుండా చెవుల వైపు చూశారు. "వేదవతి గారూ, మీకు పొగ వస్తోంది" అన్నారు ఎంతో ఆదరంగా. "షెడ్డులో ఎక్కువ పోసినట్టున్నారు. ఒకసారి వెళ్లి తీయించుకుని రండి. ఫైలు ఇక్కడే ఉంటుంది."

ఖాజావలి ఈసారి అనుమానంగా ఆమెను షెడ్డు బయట రాతి అరుగు మీద కూర్చోబెట్టాడు. అక్కడ నేల చదును. నూనె దిగేదాకా ఆగి, కడ్డీ తుడిచి, దించి, లాగాడు. నూనె పై గీతకు బాగా పైన మెరుస్తోంది.

"తప్పు నాదేనమ్మా. వాలులో చూశాను. మడమ ఇటు పెట్టండి, కాస్త వదిలేద్దాం."

వేదవతి మడమ జరపలేదు. "వద్దు, ఉండనీ."

"ఉండనిస్తే పొగ ఆగదమ్మా. రూలు ప్రకారం తీసెయ్యాల."

"ఈ నూనె ఎవరిది?"

"సర్కారుది."

"మడమ ఎవరిది?"

ఖాజావలి పానా పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. నూనె గురించి ఎన్ని సర్క్యులర్లు వచ్చినా మడమ గురించి ఒక్కటీ రాలేదు. "మడమ మీదేనమ్మా" అని పానా పక్కన పెట్టేశాడు.

ఆ సాయంత్రం భర్త జనార్దన్ భోజనం దగ్గర చాలా సౌమ్యంగా మాట్లాడాడు. ఆయన కాలేజీలో లెక్చరరు. ఆయన నూనె ప్రతి ఏటా రెండు గీతలకూ నట్టనడుమ నిలుస్తుంది, ఆ సంగతి బంధువులందరికీ తెలుసు.

"కాస్త తీయించుకుంటే ఏం పోతుంది? రేపు ఏ మూలకో వేస్తారు."

"వేస్తే వెళ్తాను."

"పొగ ఇల్లంతా కమ్ముతోంది వేదా."

"కిటికీ తెరవండి" అంది వేదవతి. ఆయన లేచి తెరిచాడు. భార్య వైపు చూస్తూ, తెలియకుండానే తన మెడ కూడా నిలబెట్టి చూసుకున్నాడు. అలవాటు లేక కిర్రుమంది. కూర్చుని మజ్జిగ పోసుకున్నాడు.

ఆమె మీద చర్యేమీ తీసుకోలేదు. సుదర్శనం గారికి రూళ్లంటే గౌరవం. ధూమ నిస్సరణ గల ఉద్యోగులను, పొగ అభ్యంతరం కాని చోట నియమించాలన్నది రూలు. మున్సిపాలిటీలో పొగ అభ్యంతరం కాని చోటు ఒక్కటే ఉంది. వేదవతిని శ్మశానవాటిక పర్యవేక్షకురాలిగా వేశారు. నీటి విభాగంలో ఆమె సీటుకు వచ్చిన కొత్తాయన ఆ పూటే సంతకం పెట్టాడు. కాలనీలో నీటి అవసరం తగ్గిపోయింది.

శ్మశానానికి వెళ్లిన మొదటి రోజున వేదవతి ఆశ్చర్యపోయింది. అక్కడ ఆమె ఒక్కతే కాదు. కూలిపోయే వంతెన బాగుందని రాయనన్న ఇంజనీరు కట్టెలు పేర్పిస్తున్నాడు. బడి స్థలం అమ్మనివ్వని హెడ్మాస్టరు వచ్చినవాళ్లకు వరస చెప్పి కూర్చోబెడుతున్నాడు. అందరి చెవుల్లోంచీ పొగ. చితుల పొగలో అది ఎవరికీ కనిపించదు. అక్కడ ఎవరూ ఎవరికీ చేతులు తడపనక్కర్లేదు, రేపు రమ్మనే మాట లేదు. ఊరు మొత్తం మీద పనులు సరిగ్గా జరిగే ఆఫీసు అదొక్కటేనని, అది చూడాలంటే చచ్చిపోవాల్సి వస్తోందని జనం గర్వంగానే చెప్పుకునేవాళ్లు.

అక్కడి కుళాయి కూడా ఎప్పుడూ ఆగదు. అంత్యక్రియలకు నీటి కొరత రాకూడదని చట్టంలోనే ఉంది. ఈ సంగతి తెలిసి కాలనీ ఆడవాళ్లు బిందెలతో రావడం మొదలుపెట్టారు. ముందు నడిచి వచ్చినావిడ పేరు నాంచారమ్మ. ఇళ్లలో పాచిపని చేస్తుంది. గేటు దగ్గరే తల వంచుకుని నిలబడింది.

"అమ్మగారూ, మా పంపులు ఎండిపోయినయ్యండి. ఇక్కడ నీళ్లు వత్తన్నాయంటగా. రెండు బిందెలు పట్టుకోనిత్తారా?"

"పట్టుకోండి. ఇవి మీ నీళ్లే. ముందు ఆ తల పైకెత్తి మాట్లాడండి."

నాంచారమ్మ ప్రయత్నించింది. మెడలో కిర్రుమని చప్పుడు వచ్చింది. "లేవట్లేదండి. కమిషనర్ గారి కాడ అర్జీ ఇద్దామని పోయినప్పుడు కూడా అంతే. నోరు తెరిచేలోపే మోకాళ్లు వంగిపోయినయ్. ఇచ్చింది ఏందో, చెప్పింది ఏందో నాకే తెలవదు."

అదే సమయానికి ఖాజావలి నూనె డబ్బా పట్టుకుని వచ్చాడు. బదిలీ అయినవాళ్ల మట్టం వాళ్లున్న చోటికే వెళ్లి చూడాలి. వేదవతి ఆయన్ని ముందు నాంచారమ్మ కడ్డీ చూడమంది. ఆయన మొహమాటపడుతూనే చెవి వెనక నుంచి లాగాడు. కడ్డీ పొడిగా ఉంది. తుడవడానికి కూడా ఏమీ అంటలేదు.

"ఇంత ఎండిపోయి ఎట్టా తిరుగుతున్నావమ్మా?"

"తిరక్కపోతే ఎట్టా బాబూ?"

వేదవతి చదునైన బండ చూసుకుని కూర్చుని, చెప్పు విడిచి, మడమ ముందుకు పెట్టింది.

"ఇప్పుడు విప్పు. పై గీత దాకానే. అంతకన్నా ఒక్క చుక్క తగ్గకూడదు. వచ్చిందంతా వీళ్లకు పొయ్యి."

నూనె బంగారు రంగులో ధారలా దిగింది. ఒక్కొక్కరికీ గరిటెడు చొప్పున నడినెత్తిన పోస్తూ, నాలుగడుగులు నడిపిస్తూ, ఖాజావలి ఓపికగా అందరికీ పోశాడు. నాంచారమ్మ నడిచి వెళ్లి వెనక్కి తిరిగింది. తల లేచి ఉంది. వేదవతి ఆమె కళ్లను చూడటం అదే మొదలు. పెద్ద కళ్లు, కాస్త గోధుమరంగువి. చెవి పక్కన సన్నటి పొగ లేచింది. నాంచారమ్మ దాన్ని చేత్తో తాకి చూసుకుని నవ్వింది. వేదవతి ఆమె బిందె తనే కుళాయి కింద పెట్టింది. మర్నాడు ఖాజావలి ఇంకో డబ్బా తెచ్చి, కావాలనే ఏటవాలు గట్టు మీద వేదవతిని కూర్చోబెట్టి, మట్టం చాల్లేదంటూ మళ్లీ పోశాడు. అదీ కాలనీకే చేరింది.

గరిటెడు నూనెకే పొగ ఎందుకొచ్చిందన్నది తర్వాత విచారణలో తేలింది. ఉద్యోగం లేనివాళ్ల కడ్డీల మీద గీతలు కొట్టరు. గీత లేని కడ్డీ మీద ఎంత నూనె ఉన్నా ఎక్కువే.

కాలనీ మొత్తం పొగలు కక్కుతూ కమిషనర్ ఆఫీసుకు వెళ్లింది. ఎవరూ కేకలు వేయలేదు. నాంచారమ్మ ముందు నిలబడి, "మా నీళ్లు మాకియ్యండి" అని ఒక్క మాట అంది. మోకాళ్లు వంగలేదు. సుదర్శనం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. తానెందుకు లేచారో ఆయనకే అర్థం కాలేదు.

కాని ఆయన రూళ్లు తెలిసిన మనిషి. అపార్టుమెంట్ల నుంచి గొట్టం వెనక్కి తేవడం కుదరదు, అక్కడివాళ్లు అప్పుడే ఈత కొలను కట్టుకున్నారు. మరోవైపు, ఇంత పొగ ఊళ్లో ఉండకూడదు. పొగ అభ్యంతరం కాని చోటు ఒక్కటే. అందువల్ల రైలుకట్ట కింద కాలనీని, ఇళ్లూ వాకిళ్లూ మనుషులతో సహా, శ్మశానవాటిక పరిధిలో కలుపుతూ ఆయన ఉత్తర్వు ఇచ్చారు. శ్మశానానికి నీటి కొరత రాకూడదు కాబట్టి, అక్కడి గొట్టాన్ని వెంటనే కాలనీ దాకా పొడిగించారు.

నీళ్లు వచ్చిన రోజున కాలనీలో డప్పులు మోగాయి. వేదవతిని పిలిచి శాలువా కప్పారు. జనార్దన్ కూడా వచ్చి వెనక వరసలో నిలబడ్డాడు. పక్కనున్న ముసలాయనకు, "ఆవిడ మా ఆవిడే" అని రెండుసార్లు చెప్పాడు. తాగే దానికీ, తోముకునే దానికీ, పారబోసుకునే దానికీ సరిపడా నీళ్లు. కొత్త చిరునామా మొదట్లో కొందరికి నోరు తిరగలేదు. తర్వాత అలవాటైంది. నాంచారమ్మ కూతురి పెళ్లి పత్రికల్లో "వివాహ వేదిక: శ్మశానవాటిక, రెండో లైను" అని అచ్చు వేయించారు. మగపెళ్లివారు ముందు కాస్త తటపటాయించి, కుళాయి ఎప్పుడూ వస్తుందని విని ఒప్పుకున్నారు.

ఎన్నికలొచ్చాయి. కాలనీవాళ్లు తెల్లారే స్నానాలు చేసి, మెడలు నిలబెట్టి, వరసగా పోలింగు కేంద్రానికి నడిచారు. పొగ చూసి పోలీసులు కూడా దారిచ్చారు. వేదవతి వాళ్లతోపాటే నడిచింది. అంత గర్వంగా ఆమె ఏ వీధిలోనూ నడిచి ఎరగదు.

లోపలున్న అధికారి నాంచారమ్మ చిరునామా చూసి తలెత్తాడు. "మీ ఓట్లు పడిపోయాయమ్మా."

"ఎవరేశారండి?"

"శ్మశానం ఓట్లంటే పోయినవాళ్ల ఓట్లు, తెల్లారేసరికే పడిపోతాయి కదమ్మా. ఎప్పుడూ అంతే."

నాంచారమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. అవును, ఆ ఊళ్లో ఎప్పుడూ అంతే. ఆమె బయటికి వచ్చి ఆ సంగతి చెప్పింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకావిడ, "మనల్ని ఎండలో నిలబెట్టకుండా వాళ్లే ఏసేశారు, నయమేగా" అంది. వేదవతి ఏదో అనబోయింది. ఆమె చెవుల్లోంచి పొగ బుసబుసా వచ్చింది, మాట మాత్రం రాలేదు. అందరూ వెనక్కి తిరిగి, ఒక్కరి తలా వంగకుండా, శ్మశానం వైపు నడిచారు.